పిల్లవాడు ‘బ్యాచ్’లో పడ్డాడని తెలిసినప్పుడు ఏం చేయాలి

నెల్లూరు జిల్లాలోనూ ఒంగోలు పరిసరాల్లోనూ ఉన్నత పాఠశాలల్లో ఇరవై రెండేళ్ళు పాఠాలు చెప్పినవాడిని. తల్లిదండ్రులు నా దగ్గరికి వచ్చి అడిగే ప్రశ్నల్లో ఒకటి కొన్నేళ్ళుగా తక్కినవాటన్నింటినీ వెనక్కి నెట్టేసింది. “మా వోడు ఎవరో బ్యాచ్‌తో తిరగతా ఉండాడు సార్, ఎట్టా వెనక్కి తెచ్చుకోవాల?” అన్నదే ఆ ప్రశ్న. బ్యాచ్ అంటే ఇక్కడ ఒక పెద్దవాడి చుట్టూ చేరి గొడవలకూ తప్పుడు పనులకూ తిరిగే కుర్రవాళ్ళ గుంపు. ఒక్కొక్కరికి విడివిడిగా చెబుతూ వచ్చిన మాటలనే ఇక్కడ వరుసలో పెట్టి రాస్తున్నాను. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలున్న తల్లిదండ్రులకూ, వాళ్ళు దగ్గర లేని ఇళ్ళలో పిల్లవాడిని సాకుతున్న అమ్మమ్మకో మేనమామకో ఇది పనికొస్తుంది.

అన్నిటికంటే ముందు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. పిల్లవాడిని బ్యాచ్‌లో కట్టిపడేసేది చాలామంది అనుకున్నట్టు చెడు సావాసం మీద మోజో, కత్తి చూపించిన భయమో కాదు. అవి తరువాత వస్తాయి. మొదట కట్టిపడేసేది బాకీ. ఆ గుంపుకు పెద్దగా ఉండే ‘అన్న’ పోయించిన పెట్రోలు, పెట్టించిన బిర్యానీ, బాగు చేయించిన ఫోను, ఒక గొడవలో వీడి పక్షాన నిలబడిన ఒక సాయంత్రం, ఇవన్నీ పిల్లవాడి మనసులో లెక్కగా పేరుకుంటాయి. ఆ లెక్క తీరకుండా మీరు ఎంత తిట్టినా, ఎంత ఏడ్చినా వాడు బయటికి రాలేడు. కింది మెట్లన్నీ ఈ సంగతి చుట్టూనే తిరుగుతాయి.

ముందు: అది నిజంగా బ్యాచేనా?

నలుగురు కుర్రవాళ్ళు సాయంత్రం టీ అంగడి దగ్గర కూర్చుని నవ్వుకుంటుంటే అది బ్యాచ్ కాదు. ఆ వయసుకు స్నేహితులు కావాలి. మూడు ప్రశ్నలు వేసుకోండి. ఆ గుంపులో మిగతావాళ్ళకంటే ఐదారేళ్ళు పెద్దవాడు ఒకడుండి, సంపాదన ఏమిటో తెలియకుండా అందరి ఖర్చూ పెట్టుకుంటున్నాడా? మీ పిల్లవాడు ‘పని ఉంది’ అన్న ఫోను రాగానే ఆ పని ఏమిటో చెప్పకుండా లేచి వెళుతున్నాడా? ఒకరోజు వెళ్ళకపోతే ఏమవుతుందోనని జంకుతున్నాడా? మూడింటిలో రెండింటికి అవునని జవాబు వస్తే ఆలస్యం చేయకండి.

కావలసినవి

- పిల్లవాడు ఎదురు చెప్పకుండా మాట వినే ఒక పెద్దమనిషి.
- ఒక చిన్న నోటు పుస్తకం. తేదీలూ, సంఘటనలూ, డబ్బు లెక్కలూ రాయడానికి.
- పిల్లవాడి పదో తరగతి మార్కుల మెమో గానీ, బడి ఇచ్చిన పుట్టిన తేదీ ధ్రువపత్రం గానీ, నకళ్ళు రెండు. వయసు రుజువు చేయవలసి వచ్చినప్పుడు బాల న్యాయ చట్టం మొదట చూసేది వీటినే. ఇవి లేకపోతే మునిసిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం చూస్తారు, అదీ లేకపోతేనే వైద్య పరీక్ష. పోలీసు స్టేషను నుంచి కబురు వచ్చిన రాత్రి ఈ కాగితం కోసం బీరువా అంతా తిరగేసిన ఇళ్ళను చూశాను.
- సర్దుకోగలిగినంత డబ్బు. ఎందుకో నాలుగో మెట్టులో చెబుతాను.
- కనీసం మూడు నెలలపాటు సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా ఇంట్లోనో, వాడికి అందుబాటులోనో ఉండగలిగిన ఒకరు.
- ఫోనులో దాచుకోవలసిన నంబర్లు: పిల్లల రక్షణకు 1098, అత్యవసరానికి 112, ఉచిత న్యాయ సహాయానికి 15100, మత్తు అలవాటు మాన్పించుకోవడానికి 14446, మానసిక ఆందోళనకు 14416, రాష్ట్రంలో మత్తు పదార్థాల సమాచారం ఇవ్వడానికి 1972.

1. మొదటి వారం గమనించండి, గొడవ పడకండి

తెలిసిన రాత్రే పిల్లవాడిని నిలదీస్తే వాడు అబద్ధం నేర్చుకుంటాడు, మీకు ఇక ఏమీ తెలియదు. అందుకని వారం రోజులు మామూలుగానే అన్నం పెడుతూ, మామూలుగానే పలకరిస్తూ చూడండి. మీరు కొనివ్వని చెప్పులు, ఇంకెవరిదో చొక్కా, సాయంత్రం ఒకే వేళకు వచ్చే ఒకే ఫోను, బ్యాగులో లైటరు, సన్నటి కాగితాల ప్యాకెట్టు, కంటి చుక్కల మందు, పుట్టినరోజు వీడియోలో కత్తితో కేకు కోయడం, ఇవి చూడవలసినవి. మన ఊళ్ళలో ఇంకో గుర్తు ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఎవరి పుట్టినరోజుకో కట్టిన ఫ్లెక్సీలో అడుగు వరుసన చిన్నచిన్న గుండ్రటి ఫోటోలుంటాయి. అందులో మీ వాడి ముఖం కనబడితే, ఆ ఫోటో వేయించినందుకు డబ్బు ఎవరిచ్చారో ఆలోచించండి. చాలాసార్లు మొదటి బాకీ అదే.

హెచ్చరిక: ఒక్క గుర్తును పట్టుకుని తీర్పు చెప్పకండి. చేతిమీద బ్లేడు గీతలు బ్యాచ్‌లో ధైర్యం చూపించడానికి గీసుకున్నవి కావచ్చు, లోపల భరించలేని బాధ వల్ల గీసుకున్నవీ కావచ్చు. అవి కనబడితే మిగతా మెట్లు పక్కన పెట్టి ముందు 14416కు ఫోను చేయండి, లేదా నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లోని మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్ళండి.

2. మాట్లాడే మనిషిని ఎంచుకోండి

తండ్రి మాట్లాడటమే సహజమని అనుకుంటాం కానీ, చాలా ఇళ్ళలో ఆ వయసుకు తండ్రీ కొడుకుల మధ్య మాటలు తగ్గిపోయి ఉంటాయి. మేనమామ, వ్యాయామ ఉపాధ్యాయుడు, చిన్నప్పుడు ట్యూషను చెప్పినాయన, పెద్ద మేనత్త కొడుకు, వీళ్ళలో ఎవరి ముందు పిల్లవాడు తల దించుకుంటాడో వాళ్ళను పిలవండి. ఒక్కరే చాలు. ముగ్గురు చుట్టూ కూర్చుంటే అది పంచాయితీ అవుతుంది.

ఊళ్ళోని నాయకుడి దగ్గరికి మాత్రం వెళ్ళకండి. “నేను చెబితే వాళ్ళు వదిలేస్తారు” అని ఆయన అనవచ్చు, నిజంగానే వదిలించనూ వచ్చు. అయితే మీ అబ్బాయి ఆ చిన్న బాకీ నుంచి బయటపడి ఇంకా పెద్ద బాకీలో పడతాడు. రేపు ఊరేగింపులో జెండా పట్టుకోమన్నా, ఇంకెవరి మీదికో వెళ్ళమన్నా కాదనలేని స్థితి మీ ఇంటిల్లిపాదికీ వస్తుంది.

3. మాట్లాడే చోటూ వేళా చూసుకోండి

ఆకలితో ఉన్నప్పుడు, చెల్లెలి ఎదుట, ఇరుగుపొరుగు వినేలా మాట్లాడకండి. ఎదురెదురుగా కూర్చోబెట్టడంకంటే పక్కపక్కన కూర్చుని మాట్లాడటం మేలు. కళ్ళలోకి చూడవలసిన అవసరం లేకపోతే పిల్లలు ఎక్కువ చెబుతారు. ఆదివారం పొద్దున్నే మైపాడు తీరానికో, ఒంగోలు వైపువాళ్ళు కొత్తపట్నం తీరానికో బండి మీద తీసుకెళ్ళి, ఇడ్లీ తినిపించి, ఆ తరువాత మాట ఎత్తండి.

“ఎవడ్రా వాడు?” అన్నది మొదటి ప్రశ్న కాకూడదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడమంటే పిల్లవాడి లెక్కలో ద్రోహం. “అబ్బయ్యా, ఎవరికన్నా ఏమన్నా ఇవ్వాల్సింది ఉందా?” అని అడగండి. ఆ మాట వినగానే ముఖం మారిన పిల్లలను నేను చాలామందిని చూశాను. చాలాసేపు మౌనంగా ఉంటారు, ఇసుకలో పుల్లతో గీతలు గీస్తారు, ఆ తరువాత ఒక అంకె చెబుతారు. మొదటిసారి చెప్పే అంకె అసలు అంకెలో సగం ఉంటుందని అనుకోండి. రెట్టించకండి, రెండు రోజుల తరువాత మిగతాది చెబుతాడు.

4. బాకీ లెక్క రాయండి, తీర్చండి

ఇది మొత్తం పనిలో ముఖ్యమైన మెట్టు. అందరూ వదిలేసేదీ ఇదే.

నా విద్యార్థి ఒకడి లాంగ్ నోటుబుక్కు చివరి పేజీ నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. పెన్సిలుతో, చాలా పొందికైన అక్షరాలతో రాసుకున్నాడు: పెట్రోలు 100, పెట్రోలు 100, బిర్యానీ 180, చెప్పులు 650, డిస్‌ప్లే 1,800, మళ్ళీ పెట్రోలు, ఇంకా అలాంటివే. కింద గీత గీసి 4,350 అని కూడి, ఆ అంకె చుట్టూ రెండుసార్లు సున్నా చుట్టాడు. వాడి తండ్రి రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉంటాడు, ఆ డబ్బు ఇంట్లో అడిగే ధైర్యం వాడికి లేదు. ఆ 4,350 రూపాయల కోసం వాడు మూడు రాత్రులు ఎవరి ఇంటి ముందో బండి మీద కూర్చుని కాపలా కాశాడు. ఎవరి కోసం, ఎందుకు అన్నది వాడికి చెప్పలేదు. వాడి మేనమామా, తండ్రీ కలిసి వెళ్ళి, పట్టపగలు, టీ అంగడి దగ్గర నలుగురి ఎదుట ఆ డబ్బు లెక్కపెట్టి ఇచ్చారు. “మా వోడికి నువ్వు పెట్టిన ఖర్చు ఇది, చూసుకో నాయనా” అన్నారు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. ఆ పిల్లవాడు మరుసటి వారం నుంచి తల ఎత్తుకుని బడికి వచ్చాడు.

మీరు చేయవలసిన పద్ధతి ఇది:

క) పిల్లవాడితో కలిసి కూర్చుని నోటు పుస్తకంలో ఒక్కొక్క ఖర్చూ రాయండి. వాడే రాయాలి, మీరు కాదు.

చ) నిజంగా వాడి మీద ఖర్చయినది మాత్రమే లెక్కలోకి తీసుకోండి. “సరుకు పోయింది, దానికి నువ్వే కట్టాలి”, “కేసు ఖర్చులో నీ వాటా” లాంటివి బాకీ కావు, వాటికి రూపాయి కూడా ఇవ్వకండి.

ట) ఒకేసారి, పగటి పూట, నలుగురు తిరిగే చోట, ఇద్దరు పెద్దవాళ్ళు వెళ్ళి ఇవ్వండి. పిల్లవాడి చేతికిచ్చి పంపకండి. వీలైతే అక్కడే ఫోను ద్వారా పంపండి, లెక్క మిగులుతుంది.

త) తిట్టకండి, బెదిరించకండి, “ఇకమీదట మా వాడి జోలికి రావద్దు” అని కూడా అనకండి. లెక్క తీరింది, అంతే.

హెచ్చరిక: ఇచ్చిన తరువాత మళ్ళీ అడిగితే అది బాకీ కాదు, బెదిరించి డబ్బు గుంజడం. రెండోసారి ఇస్తే మూడోసారి తప్పక అడుగుతారు. అప్పుడు నేరుగా పదో మెట్టుకు వెళ్ళండి. అలాగే అవతలివాడు కత్తులు తిప్పేవాడనీ, గంజాయి అమ్మేవాడనీ ముందే తెలిస్తే మీరుగా వెళ్ళనే వద్దు.

గొడవలో వీడి పక్షాన నిలబడ్డ బాకీ డబ్బుతో తీరదు కదా అని కొందరు అడుగుతారు. తీరదు. అక్కడ చేయవలసింది ఆ గొడవ మూలాన్ని తీసేయడం. బడిలోనో హాస్టల్లోనో ఎవరో వీడిని ఏడిపిస్తుంటే, దాన్ని ఆపే పెద్దవాళ్ళు లేక వీడు ‘అన్న’ను వెతుక్కున్నాడు. ప్రధానోపాధ్యాయుడితోనో, ప్రిన్సిపాలుతోనో కూర్చుని ఆ ఏడిపించడాన్ని ఆపించండి. ఇది మీ వంతు బాకీ.

5. వాడి పేరు మీద ఏమేం ఉన్నాయో చూడండి

సిమ్ కార్డులు, బ్యాంకు ఖాతా, బండి, ఈ మూడింటినీ ఒకే రోజున చూసుకోండి. సిమ్ వేరొకరు వాడుతుంటే మూయించండి. ఖాతా పాసుపుస్తకం నవీకరించి, తెలియని పేర్ల నుంచి డబ్బు వచ్చి అదే రోజు బయటికి వెళ్ళిందేమో చూడండి. ఆన్‌లైన్ మోసాల డబ్బునూ పందేల డబ్బునూ దాటించడానికి కుర్రవాళ్ళ ఖాతాలనూ ఏటీఎం కార్డులనూ వాడుకోవడం ఇప్పుడు ఎక్కువైంది. అలా కనబడితే బ్యాంకుకు రాతపూర్వకంగా తెలిపి, సైబరు నేరాల సహాయ నంబరు 1930కి ఫోను చేయండి.

ఇక బండి. మైనరు నడిపి నేరం చేస్తే, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం వాహన యజమానికి లేదా సంరక్షకుడికి మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా ఉన్నాయి. బండి రిజిస్ట్రేషను ఏడాదిపాటు రద్దవుతుంది, పిల్లవాడికి ఇరవై అయిదేళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. పైగా బ్యాచ్‌లో కొత్తవాడికి ఇచ్చే మొదటి పని బండి నడపడమే. తాళం చెవి మీ దగ్గర పెట్టుకోండి.

6. చట్టం ఏమంటుందో వాడికి ఉన్నదున్నట్టు చెప్పండి

భయపెట్టడానికి లేనిది కల్పించకండి, అబద్ధమని తేలితే మిగతా మాటలూ వినడు. నాలుగు విషయాలు చాలు.

ఒకటి: “నేను కొట్టలేదు, పక్కన నిలబడ్డాను” అన్నది రక్షణ కాదు. అయిదుగురు లేదా అంతకు మించి ఒక నేరం ఉద్దేశంతో గుమిగూడితే, ఆ ఉద్దేశం కోసం ఒకడు చేసిన పనికి గుంపులోని ప్రతివాడూ బాధ్యుడని 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత చెబుతుంది. అంతకుముందున్న శిక్షాస్మృతి చెప్పిందీ ఇదే.

రెండు: “నీకు పద్దెనిమిది లేవు, నీకేం కాదు” అని అన్న చెప్పే మాట సగం నిజం. చిన్నపాటి తప్పులకు పిల్లల మీద ఎఫ్ఐఆర్ కట్టకూడదన్నది నియమమే. కానీ పెద్దవాళ్ళతో కలిసి చేశారన్న ఆరోపణ ఉన్నప్పుడు ఎఫ్ఐఆర్ కడతారు. అంటే ఆ అన్న పక్కన ఉండటమే వీడికి ముప్పు. పైగా పదహారేళ్ళు నిండినవాడు కనీస శిక్ష ఏడేళ్ళో అంతకు మించో ఉన్న ఘోరమైన నేరంలో ఇరుక్కుంటే, వాడిని పెద్దవాడిలా విచారించాలా అన్నది పిల్లల కేసులు చూసే బాల న్యాయ మండలి పరిశీలిస్తుంది.

మూడు: “ఈ బ్యాగు బస్టాండులో ఫలానా ఆయనకు ఇచ్చి రా” అని అన్న చెబుతాడు. ఒంగోలు, కావలి, నెల్లూరు మీదుగా చెన్నై పోయే 16వ నంబరు జాతీయ రహదారి మీద గంజాయి పట్టుబడిన వార్తలు మీరూ చదువుతూనే ఉంటారు. 20 కిలోలు దాటిన గంజాయికి పదేళ్ళకు తగ్గని శిక్ష. బ్యాగులో ఏముందో తెలియదన్న మాట ఎవరూ తొందరగా నమ్మరు.

నాలుగు: చట్టం వీడి పక్షాన కూడా ఉంది. పిల్లలను నేరానికి వాడుకున్న పెద్దవాడికి బాల న్యాయ చట్టం కింద ఏడేళ్ళ దాకా కఠిన కారాగారం, అయిదు లక్షల జరిమానా పడతాయి. న్యాయ సంహిత కింద మూడేళ్ళకు తగ్గకుండా పదేళ్ళ దాకా శిక్ష ఉంది. ఈ నాలుగో విషయం చెప్పేటప్పుడు మాత్రం కాస్త ఆగి, వాడి ముఖం చూసి చెప్పండి. అన్న తనను కాపాడుతున్నాడని కాదు, తన వయసును వాడుకుంటున్నాడని పిల్లవాడికి మొదటిసారి తోచేది ఇక్కడే.

7. అయిదు నుంచి తొమ్మిది దాకా వేళను నింపండి

బ్యాచ్ తీసుకునేది సాయంత్రాలను. ఆ నాలుగు గంటలు ఖాళీగా వదిలి “వెళ్ళొద్దు” అంటే, వాడు గోడ చూస్తూ ఎన్నాళ్ళు కూర్చుంటాడు? శరీరం అలిసే పని కావాలి. నెల్లూరులో ఉన్నవాళ్ళకు ఏ.సి. సుబ్బారెడ్డి స్టేడియం ఉంది. పల్లెల్లో కబడ్డీ, వాలీబాల్ ఆడే జట్టు ఎక్కడో ఒకచోట ఉంటుంది. ట్యూషను ఒక్కటే పెట్టి ఊరుకోకండి, చదువులో వెనకబడ్డవాడికి అది ఇంకో అవమానం.

పదో తరగతి తప్పి ఇంట్లో ఉన్నవాడయితే ముందు ఆ ముడి విప్పండి. సప్లిమెంటరీ రాయించవచ్చు, సార్వత్రిక విద్యాపీఠంలో (ఓపెన్ స్కూలులో) చేర్చవచ్చు, పాసయినవాడికి ఐటీఐ, పాలిటెక్నిక్ ఉన్నాయి. పనిలో పెట్టాలనుకుంటే పద్నాలుగు దాటినవాడిని మెకానిక్ షెడ్డుకో, ఎలక్ట్రీషియను దగ్గరికో, తెలిసిన మనిషి కింద సాయంగా పంపండి. చీమకుర్తి గ్రానైట్ గనుల్లో పనికి మాత్రం పంపకండి. పద్దెనిమిది నిండనివారిని గనుల్లో పెట్టుకోవడం చట్టవిరుద్ధం, ఆ దుమ్ము ఊపిరితిత్తులను తినేస్తుంది.

వారానికి కొంత చేతి ఖర్చు మీరే ఇవ్వండి, వంద రూపాయలైనా సరే. సొంత జేబులో డబ్బు లేనివాడే ఇంకొకడి జేబు వైపు చూస్తాడు.

8. చప్పుడు లేకుండా దూరం జరగనివ్వండి

“నేను ఇక మీతో ఉండను” అని ప్రకటించమని పిల్లవాడిని ఒత్తిడి చేయకండి. అలా ప్రకటించినవాడు మిగతావాళ్ళకు శత్రువవుతాడు. నెమ్మదిగా తగ్గడమే క్షేమం. వాడికి సాకులు మీరే అందించండి: “నాన్న బండి తాళం లాక్కున్నాడు”, “మామ సాయంత్రం షెడ్డుకు రమ్మన్నాడు”, “అమ్మకు ఒంట్లో బాగా లేదు”. నింద మీ మీద వేసుకోండి, వాడి పరువు నిలుస్తుంది. వాట్సాప్ గుంపు నుంచి ఒక్కసారిగా బయటికి రానక్కరలేదు, ముందు చప్పుడు ఆపేసి, కొన్ని వారాల తరువాత నంబరు మార్చవచ్చు. కత్తులు, గొడవలు కనబడే పాత రీళ్ళను వాడు ఇకమీదట ఎవరికీ పంపకూడదు. అయితే ఇప్పటికే పోలీసు విచారణ నడుస్తున్న గొడవకు సంబంధించినవైతే మీరుగా తుడిచేయకండి, న్యాయవాదిని అడగండి.

మారుగా ఇంకో దారి: అమ్మమ్మ ఊరికో, చెన్నైలోని చిన్నాన్న ఇంటికో పంపడం. బెదిరింపు ఉన్నప్పుడు ఇది మంచిదే. కానీ అక్కడ చదువో పనో ముందే చూసి పంపండి, తిరిగి ఎప్పుడు వస్తాడో వాడికి చెప్పండి. శిక్షగా పంపితే అక్కడ ఇంకో బ్యాచ్ చూసుకుంటాడు.

9. గంజాయి కూడా ఉంటే

పై మెట్లు ఆపకుండానే వైద్యం మొదలుపెట్టండి. 14446కు ఫోను చేస్తే దగ్గరలోని చికిత్సా కేంద్రం చెబుతారు. కట్టేసి కొట్టి మాన్పిస్తామనే ప్రైవేటు చోట్లకు పంపకండి. వాడికి చెప్పకుండా మూత్ర పరీక్ష చేయించడం కూడా మంచిది కాదు. రోజూ తాగినవాడిలో మానేసిన తరువాత కూడా కొన్ని వారాలు పరీక్షలో కనబడుతుంది కనుక, నిజంగా మానినవాడిని మీరే అబద్ధాలకోరుగా లెక్కగట్టే ప్రమాదముంది.

10. బెదిరింపు వస్తే, లేదా పోలీసులు తీసుకెళ్తే

బెదిరింపు వచ్చిన తేదీ, వేళ, మాటలు నోటు పుస్తకంలో రాయండి, ఫోను సందేశాలు చెరపకండి. ప్రతి స్టేషనులో పిల్లల వ్యవహారాలు చూసే బాలల సంక్షేమ పోలీసు అధికారి ఒకరు ఉండాలి, ఆయన కోసమే అడగండి. స్టేషనుకు వెళ్ళడానికి జంకు ఉంటే ముందు 1098కి గానీ, కలెక్టరేటు పరిధిలోని జిల్లా బాలల సంరక్షణ విభాగానికి గానీ చెప్పండి. ప్రాణానికి ముప్పుంటే 112.

పిల్లవాడిని తీసుకెళ్ళారని తెలిస్తే పదో తరగతి మెమో పట్టుకుని వెంటనే వెళ్ళండి. పద్దెనిమిది నిండనివాడిని లాకప్పులో పెట్టకూడదు, సంకెళ్ళు వేయకూడదు, 24 గంటల లోపల బాల న్యాయ మండలి ముందు హాజరు పరచాలి. మండలిలో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. వదిలితే నేరస్థుల చేతుల్లో పడతాడని, లేదా ప్రమాదంలో పడతాడని, లేదా న్యాయానికి విఘాతం కలుగుతుందని మండలి భావిస్తే తప్ప బెయిలు ఇవ్వడమే చట్టం. కనుక ఇంట్లో చూసుకునే పెద్దవాళ్ళున్నారని, సాయంత్రాలు ఎక్కడుంటాడని మీరు చెప్పగలగాలి. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయస్థానంలోని న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది. పిల్లవాడి పేరూ ఫోటో పత్రికలోనో వాట్సాప్‌లోనో వేయడం నేరమని కూడా గుర్తుంచుకోండి.

“స్టేషన్లో మాట్లాడి కేసు లేకుండా చేస్తా, ఇంత ఇవ్వండి” అంటూ ఎవరైనా వస్తే ఇవ్వకండి. అతను తరచుగా ఆ బ్యాచ్ మనిషే అయి ఉంటాడు.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

నలుగురిలో అవమానించడం అన్నిటిలోకీ పెద్దది. దీన్ని నేనూ చేశాను. సర్వీసులో చేరిన ఆరో ఏట, తొమ్మిదో తరగతి పిల్లవాడి బ్యాగులో మడిచే కత్తి దొరికితే, ప్రార్థన సమావేశంలో వేదిక ఎక్కించి అందరికీ చూపించాను. మిగతా పిల్లలకు బుద్ధి వస్తుందని అనుకున్నాను. ఆ పిల్లవాడు చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని, నేల చూస్తూ నిలబడ్డాడు. వాడి అంగీకి రెండో గుండీ లేదు, అక్కడ పిన్నీసు పెట్టి ఉంది. మరునాటి నుంచి బడికి రాలేదు. ఇంటికి వెళ్ళి పిలిచినా రాలేదు. బడిలో పోయిన పరువు వాడికి దొరికిన చోటు బ్యాచ్ ఒక్కటే. వాడు ఆ కత్తి ఎందుకు తెచ్చాడో నేను అడగనే లేదు.

రెండో పొరపాటు ఫోను పగలగొట్టడం. ఫోను పోతే కొత్త ఫోను ఇచ్చేవాడు అన్నే. మూడోది, తల్లి తండ్రికి తెలియకుండా దాచడం. తెలిసిన రోజున ఇద్దరి మధ్య గొడవ మొదలై పిల్లవాడు ఆ సందులో జారిపోతాడు. నాలుగోది, అమ్మాయిలున్న ఇళ్ళు ఇది తమకు సంబంధం లేదనుకోవడం. బ్యాగులు దాచడానికి, ఎవరినో ఒక చోటికి పిలిపించడానికి ఆడపిల్లలను ‘చెల్లెమ్మా’ అంటూనే వాడుకుంటారు. వాళ్ళకూ ఇవే మెట్లు, మాట్లాడే మనిషి మాత్రం పిన్నో అత్తో అయితే మేలు.

ఫలితం ఎలా చూసుకోవాలి

మార్కులతో కొలవకండి, అవి ఆఖరున పెరుగుతాయి. నెల తిరిగేసరికి సాయంత్రం ఫోను మోగినప్పుడు వాడు ఇంట్లోనే కూర్చుని మాట్లాడుతున్నాడా, లేక ఇంకా మిద్దె మీదికి పోతున్నాడా చూడండి. రెండో నెలకు చేతి ఖర్చు మిగిలిందో లేదో చూడండి. మూడో నెలకు కొత్త పేరు ఒకటి, ఆటలోనో షెడ్డులోనో పరిచయమైన ఒక స్నేహితుడి పేరు, వాడి నోట దానంతట అది రావాలి. రాకపోతే ఏడో మెట్టు సరిగా పడలేదని అర్థం, ఇంకో ఆటో ఇంకో పనో చూడండి.

మధ్యలో ఒకసారి మళ్ళీ వెళతాడు. దాదాపు అందరూ వెళతారు. ఎవరి పుట్టినరోజో, ఎవరి చావో, పిలుపు వస్తుంది. తిరిగి వచ్చిన రాత్రి అన్నం పెట్టండి. మరునాడు నోటు పుస్తకం తీసి, కొత్త పేజీలో తేదీ వేసి, నిన్న ఎవరు ఖర్చు పెట్టారో వాడినే రాయమనండి. ఆ పేజీలో అంకె ఏదీ లేకపోతే, లేదా తన చేతి ఖర్చులోంచే పెట్టుకున్నానని చెబితే, ఆ రోజుకు అది చాలు. అంకె ఉంటే, అది యాభై రూపాయలయినా సరే, ఆ సాయంత్రంలోగా తీర్చి రండి.